సగం టేబుల్

నాలుగో అంతస్తులో ఉండే ఆమెను ఆ బిల్డింగులో అందరూ కళ్ళజోళ్ళావిడ అనేవారు. ఆమెకు కళ్ళజోడు లేదు. కళ్ళజోళ్ళ దుకాణం వెనకగదిలో కూర్చుని అద్దాల అంచులు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం ఆమె పని. అంతకుముందు ఆమెకు ఇంకో పేరు ఉండేది. సాయంత్రాలు ఉద్యోగస్తులంతా చేరే ఆటల హాల్లో ఆమెను ‘ఎడంచెయ్యి’ అని పిలిచేవారు. టేబుల్ టెన్నిస్ బ్యాటు ఎడంచేత్తో పట్టేది. ఆ చేతి బ్యాక్‌హ్యాండుకు ఎదురు నిలిచినవాళ్ళు హాల్లో తక్కువ.

జంటగా ఆడేటప్పుడు ఆమెకు తోడు ఆస్పత్రి నర్సు. నర్సుది కుడిచెయ్యి. అందుకని ఒకరికొకరు అడ్డం రాకుండా, గడప దగ్గర ఒకరు లోపలికి ఒకరు బయటికి నడిచినంత తేలిగ్గా ఆడేవాళ్ళు. లిఫ్టు మెకానిక్కు అయిన కళ్ళజోళ్ళావిడ భర్త పని ముగించుకుని హాలుకు వచ్చి, గ్రీజు చేతులతోనే బెంచీ మీద కూర్చుని, ఎక్కడ అరవకూడదో సరిగ్గా అక్కడ “కొట్టు!” అని అరిచేవాడు. పెళ్ళయిన కొత్తలో అత్తగారికి ఈ వ్యవహారం వింతగా అనిపించింది.

“సాయంత్రమయ్యేసరికి నీ పెళ్ళాం చెక్కముక్క పట్టుకుని పోతుందేంట్రా?” అని కొడుకును అడిగింది.

“నేను స్పానరు పట్టుకుని పోవడం లేదా అమ్మా?” అన్నాడు అతను. అంతే, ఆ మాట మళ్ళీ రాలేదు.

అలా ఉండగా ఆ సంగతి జరిగింది. సెలవులకు ముందురోజు మధ్యాహ్నం అతను ఒక పాత ఆఫీసు భవనంలో లిఫ్టు పైకప్పు మీద నిలబడి పని చేస్తున్నాడు. కరెంటు పోయింది. లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయింది. జేబులోని ఫోను జారి అడుగున గుంతలో పడింది. అతను లోపల ఉన్నాడని తెలిసిన ఒకే ఒక్క మనిషి అక్కడి వాచ్‌మన్. ఇంటి నుంచి ఏదో కబురొస్తే తాళాలు ఇంకొకడి చేతిలో పెట్టి ఉన్నపళంగా వెళ్ళిపోయాడు. తాళాలు తీసుకున్నవాడు భవనమంతా ఖాళీ అనుకుని గేటు వేసి వెళ్ళాడు. లోపల ఆమె భర్త స్పానరుతో ఇనప పట్టాను కొట్టడం మొదలుపెట్టాడు. ఎవరో ఒకరు వినకపోతారా అనుకున్నాడు. ఇంట్లో ఆమె ఆస్పత్రులకూ తెలిసినవాళ్ళకూ ఫోన్లు చేస్తూ కూర్చుంది. మర్నాడు సాయంత్రం వాచ్‌మన్‌కు ఉన్నట్టుండి అతను గుర్తొచ్చి పరుగెత్తుకొచ్చాడు. తలుపు తీసి వెలుగు పడ్డాక కూడా అతను కొడుతూనే ఉన్నాడట. చేతిలోని స్పానరు ఊడబీకడానికి ఇద్దరు మనుషులు పట్టాల్సి వచ్చింది.

ఒంటి మీద చిన్న గీత కూడా పడలేదు. వారం తిరిగేసరికి పనిలోకి వెళ్తాడని అందరూ అనుకున్నారు. వెళ్ళలేదు. ముందు లిఫ్టు ఎక్కలేకపోయాడు. తర్వాత మెట్లు దిగలేకపోయాడు. ఆ తర్వాత గుమ్మం దాటి వరండాలోకి వస్తే చాలు, కాళ్ళు వణికేవి. ఇంట్లో ఉంటే బాగానే ఉండేవాడు, పక్కన మనిషి ఉంటే. ఒంటరిగా ఉన్నాడా, గుండె గొంతులోకి వచ్చేది. ఊపిరి ఆడేది కాదు. అంత పొడుగు మనిషి గోడ పట్టుకుని చిన్నపిల్లాడిలా జారిపోయేవాడు. డాక్టరమ్మ ఫోన్లో ఓపిగ్గా మాట్లాడేది. “మందులు ఒక్కటే చాలవండీ. కొంచెం కొంచెంగా ఒంటరిగా ఉండటం అలవాటు చేసుకోవాలి. మొదట ఒక్క నిమిషం చాలు” అనేది. “తప్పకుండా డాక్టర్ గారూ” అని ఫోను పెట్టేసి, “రేపట్నుంచి చూద్దాంలేవే” అనేవాడు. ఆ రేపు రాలేదు.

పగలు ఆమె దుకాణానికి వెళ్తే అత్తగారు వచ్చి కూర్చునేది. ఆవిడ ఉండేది వెనకవీధిలో చిన్నకొడుకు దగ్గర. అక్కడ కొడుకూ కోడలూ ఇద్దరూ సాయంత్రం షిఫ్టుల మనుషులు, మనవలు బడి నుంచి వచ్చే వేళకు ఇంట్లో ఎవరో ఒకరు ఉండాలి. అందుకని కోడలు గుమ్మంలో చెప్పులు విప్పుతుంటే అత్తగారు అదే గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఉండేది. “వెళ్ళొస్తా అమ్మాయ్, పిల్లలొచ్చేస్తారు” అన్న మాట మెట్ల మీద నుంచి వినిపించేది. ఆ క్షణం నుంచి మర్నాటి పొద్దుటిదాకా ఇంట్లో మిగిలేది వాళ్ళిద్దరే.

ఆమె స్నానాల గది తలుపు గడియ పెట్టడం మానేసింది. చెత్తబుట్ట కింద పెట్టి రావాలంటే మెట్ల మీద గట్టిగా మాట్లాడుతూ దిగేది. “ఇదిగో, మూడో అంతస్తుకొచ్చా... ఇదిగో, కింద పెట్టేశా... వచ్చేస్తున్నా!” ఎదురొచ్చినవాళ్ళు, పాపం, తనలో తను మాట్లాడుకుంటోంది అనుకుని పక్కకు తప్పుకునేవారు. నర్సు కొన్నాళ్ళు ఫోన్లు చేసింది. “ఒక్క గంటే. నువ్వు లేక నా కుడిచెయ్యి కూడా పనిచేయడం లేదు” అని బతిమాలింది. తర్వాత వేరే జంట చూసుకుంది. అది తప్పేమీ కాదని ఆమెకు తెలుసు. తెలిసినా రెండు రోజులు అన్నం సహించలేదు.

ఒకరోజు హాలు కాపలాదారు ఫోన్ చేశాడు.

“అమ్మా, హాలుకు కొత్త టేబుళ్ళు వచ్చాయి. పాతదాంట్లో ఒక సగానికి చెద పట్టింది, రెండో సగం రాయిలా ఉంది. పారేస్తామంటున్నారు. మీకు పనికొస్తుందా?”

“సగం టేబుల్‌తో నేనేం చేసుకోను? అవతల ఎవరుంటారు?”

“అవతల ఎవరూ అక్కర్లేకుండా నేను చూస్తాగా.”

నెట్టు ఉండాల్సిన చోట అతను ఒక ప్లైవుడ్ పలక నిలబెట్టాడు. దాని మీద పాత బ్యాట్ల నుంచి ఊడదీసిన రబ్బరు ముక్కలు అతికించాడు. ఎర్రవీ, నల్లవీ, పక్కపక్కన, మాసికలు వేసిన దుప్పటిలా. కింద రెండు మడతబందులు, వెనక ఒక బోల్టు. బోల్టు తిప్పితే పలక ముందుకో వెనక్కో వాలుతుంది. బంతి కొడితే పలకకు తగిలి తిరిగి మన వైపే వస్తుంది. లిఫ్టులో అది పట్టలేదు. కూలీలు మెట్ల మీద మోసుకొస్తుంటే మలుపు దగ్గర ఇరుక్కుంది. వాళ్ళు అరుచుకుంటున్నారు. అప్పుడు ఆమె భర్త గుమ్మం అంచున నిలబడి, “ఆ మూల కిందకి దించు, ఈ కాలు పైకెత్తు, ఇప్పుడు తిప్పు... లాగకు, తిప్పు!” అని పాతకాలపు గొంతుతో చెప్పాడు. టేబుల్ సులువుగా మలుపు తిరిగింది. ఆ పూటంతా అతని ముఖం వెలిగిపోయింది.

వంటింటి పక్కన సామాన్ల గది ఖాళీ చేసి దాన్ని అక్కడ పెట్టారు. ఆ గదికి వెనకవైపు ఇంకో తలుపు ఉంది. అది తీస్తే చిన్న వసారా, అక్కడి నుంచి పైపుల వాళ్ళు వాడే ఇనప మెట్లు. మొదటి సాయంత్రం ఆమె ముందుగది వైపు తలుపు మూసి బ్యాటు తీసింది. ఆ ఇంట్లో ఆమె తలుపు మూయడం చాలా రోజుల తర్వాత అదే మొదటిసారి. బంతి వేసి కొట్టింది. వచ్చింది. మళ్ళీ కొట్టింది. చేతికి అంతా గుర్తుంది. పలక మీద ఏ ముక్క ఎలాంటిదో నాలుగు రోజుల్లో పట్టేసింది. పై వరసలో ఎర్రముక్క బంతిని విసురుగా తోస్తుంది. నడిమి నల్లది బద్ధకంగా ఇస్తుంది. ఎడమ మూల అరిగిపోయిన ముక్కకు తగిలితే బంతి అక్కడే చచ్చిపోతుంది, “ఛ!” అనుకుంటూ వంగి టేబుల్ కింద వెతుక్కోవాలి. చెమట పట్టిన ఒళ్ళుతో బయటికి వస్తే భర్త సోఫాలో కళ్ళు మూసుకుని ఉన్నాడు.

“ఏవండీ, చప్పుడు ఇబ్బందిగా ఉందా?”

“లేదే. బాగుంది. ఆ టకటక వింటుంటే నువ్వున్నావని తెలుస్తోంది. ఇంతసేపు ఒక్కణ్ణే కూర్చున్నాను, చూశావా?”

నిజమే. అతను గదిలో ఒంటరిగా కూర్చున్నాడు. ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగినంత పనైంది.

ఇబ్బంది పడింది కింది వాటాలో డ్రాయింగు మాస్టారు. రిటైరై ఒంటరిగా ఉంటాడు. మూడోరోజునే మెట్లెక్కి వచ్చాడు.

“అమ్మాయ్, వడ్రంగిపిట్టను పెంచుతున్నారా ఏమిటి?”

విషయం చెప్పింది. ఆయన లోపలికి తొంగిచూసి, సగం టేబుల్‌నూ, మాసికల పలకనూ, గోడ పక్కన నిలబడ్డ ఆమె భర్తనూ చూశాడు. “సరే, చీకటి పడ్డాక మాత్రం వద్దు. నేను పెందరాళే పడుకుంటాను” అని దిగిపోయాడు.

ఆ విధంగా కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత ఎప్పుడు మొదలైందో ఆమెకే సరిగ్గా తెలియదు. మంచినీళ్ళు తాగడానికి ఆగితే అవతలి గదిలోంచి “ఏమేవ్?” అని వినిపించేది. “నీళ్ళండీ!” అనేది. జుట్టు ముడి వేసుకోవడానికి ఆగితే “ఏమైందే?” “జుట్టండీ!” బంతి కింద పడితే పర్వాలేదు, ‘ఛ’ వినిపిస్తుంది కాబట్టి ఊరుకునేవాడు. ఊరికే నిలబడాలనిపించి నిలబడిందా, అడుగుల చప్పుడు, ఆ వెంటనే తలుపు తోసి పాలిపోయిన ముఖం. అందుకని ఆగడం మానేసింది. కుడిచేత్తో నీళ్ళ సీసా ఎత్తుకుని తాగుతూ ఎడంచేత్తో బంతిని టేబుల్ మీద తడుతూనే ఉండేది. సరిపోయిందనుకుని బయటికి వస్తే అతను, “ఇంకాసేపు ఆడవే” అనేవాడు. మొహమాటంగా, ఏదో పెద్ద సాయం అడుగుతున్నవాడిలా అనేవాడు. ఆ గొంతు విన్నాక కాదనడం ఆమె వల్ల అయ్యేది కాదు. ఒకప్పుడు సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూసేది. ఇప్పుడు దుకాణంలో గడియారం ముల్లు కదలకుండా ఉంటే బాగుండుననిపించేది.

మోచెయ్యి వాచింది. ఎముకల డాక్టరు కొన్నాళ్ళు బ్యాటు ముట్టొద్దన్నాడు. ఆ మాట చెబితే భర్త “అయ్యో, మానెయ్ మరి” అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. కానీ ఆ సాయంత్రం ఆమె వంటింట్లోకి వెళ్తే వంటింట్లోకి, వసారాలో బట్టలు ఆరేస్తుంటే వసారా గడప దాకా, వెంట వెంట తిరిగాడు. మర్నాడూ అంతే. మూడోరోజు చాలా నెమ్మదిగా అడిగాడు.

“పోనీ కుడిచేత్తో కొట్టగలవా? ఊరికే, నెమ్మదిగా?”

ఆమె కుడిచేత్తో కొట్టింది. పుట్టి బుద్ధెరిగాక ఆ చేత్తో బ్యాటు పట్టలేదు. బంతి పలకకు తగలడమే గగనమైంది. టక్... టక్... అని కుంటుకుంటూ వచ్చే ఆ చప్పుడు వింటూ అవతల అతను సోఫాలో నిద్రపోయాడు. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళు మండింది. బ్యాటు టేబుల్ మీదకు గిరాటేయాలనిపించింది. గిరాటేస్తే వచ్చే చప్పుడుకు అతను లేచి పరుగెత్తుకొస్తాడని గుర్తొచ్చి మెల్లగా పెట్టింది.

చెయ్యి కాస్త తేరుకున్నాక ఒక ఆదివారం, అత్తగారు వచ్చి కొడుకుతో కబుర్లాడుతున్న వేళ, ఫోను టేబుల్ అంచున ఆనించి రికార్డింగు పెట్టింది. అరిగిన ముక్క జోలికి పోకుండా, బంతి ఒక్కసారి కూడా పడకుండా, ఎంతో జాగ్రత్తగా ఆడింది. మధ్యలో తుమ్ము వస్తే బిగబట్టుకుంది. సోమవారం సాయంత్రం తలుపు మూసి, చిన్న స్పీకరు తగిలించి దాన్ని పెట్టింది. పెట్టి నేల మీద గోడకు ఆనుకుని కూర్చుంది. బయటి నుంచి ఏ పిలుపూ రాలేదు. చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, ఆ చప్పుడు మధ్య ఊరికే కూర్చుంది. మంగళవారం కిటికీ దగ్గర నిలబడి వీధిలో జనాన్ని చూసింది. మొదట్లో ఆమె కోరుకున్నది చేతికి విశ్రాంతి, అంతే. కానీ రెండు వీధుల అవతల హాలు రేకుల కప్పు ఆ కిటికీలోంచి కనిపిస్తుంది. ఇక్కడ ఊరికే కూర్చునే మనిషి అక్కడ ఉంటే మాత్రం ఏమిటి అనిపించింది. అనిపించినందుకు తనను తనే తిట్టుకుంది. ఆ వారం చివర్లో వెనక తలుపు తీసి, బూట్లు చేత్తో పట్టుకుని ఇనప మెట్లు దిగింది.

వీధిలోకి రాగానే ఎటు తిరగాలో కాసేపు తోచలేదు. సాయంత్రపు వెలుతురులో వీధి ఎలా ఉంటుందో మర్చిపోయింది. హాల్లో అడుగు పెట్టగానే నర్సు బ్యాటు గాల్లోకి విసిరింది.

“ఒసేయ్ ఎడంచెయ్యీ! బతికే ఉన్నావా?”

“ఉన్నాలేవే. ఒక్క ఆట ఆడదాం, తొందరగా వెళ్ళాలి.”

నర్సు సర్వీసు చేసింది. బంతి టేబుల్ మీద పడి పక్కకు జారిపోయింది. ఆమె బ్యాటు గాలిలో తిరిగింది. ఇంకోటి వచ్చింది. తగిలింది కానీ నెట్టు కింద పడింది. తర్వాతది హాలు చివరికి ఎగిరింది. నర్సు మొదట నవ్వింది, తర్వాత నవ్వు ఆపేసింది.

“అదేంటే, బంతి రాకముందే కొట్టేస్తున్నావు? కాళ్ళు కదపవేం? మేకు కొట్టినట్టు నిలబడ్డావు.”

పలక దగ్గర బంతి తొందరగా తిరిగొస్తుంది, తను కొట్టిన చోటికే వస్తుంది. ఇన్నాళ్ళూ ఆమె తన బంతిని తనే కొట్టుకుంది. ఇంకొకరి చేతిలోంచి, ఇంకొకరి బుర్రలోంచి వచ్చే బంతిని చూసి చాలాకాలమైంది. బ్యాక్‌హ్యాండు మాత్రం తిన్నగా వచ్చిన రెండు మూడు బంతులను పాతరోజుల్లోలాగే కొట్టింది. బెంచీ మీద కుర్రవాళ్ళు “అబ్బో” అన్నారు. ఆ మెప్పు ఇంకా కష్టంగా అనిపించింది. ఆట సగంలో ఉండగానే వెళ్ళాలంది. నర్సు ఆమె చెయ్యి పట్టుకుని, “మళ్ళీ రా. నాలుగు రోజులు ఆడితే అదే వస్తుంది” అంది. ఆ ‘నాలుగు రోజులు’ ఎక్కడి నుంచి తేవాలో అడుగుదామనుకుని ఊరుకుంది.

ఇనప మెట్లెక్కుతుంటే పైనుంచి టకటక వినిపిస్తూనే ఉంది. హమ్మయ్య అనుకుంది. తలుపు తోసింది. భర్త టేబుల్ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. రెండు చేతులతో టేబుల్ కాలు పట్టుకున్నాడు. చొక్కా పిండితే నీళ్ళు కారేలా ఉంది.

“అది ఆపు” అన్నాడు.

ఫోను ఆపేసింది. గది మొత్తం నిశ్శబ్దమైపోయింది.

“ఎప్పుడొచ్చారిక్కడికి?”

“నువ్వెళ్ళిన కాసేపటికే.”

“ఎలా తెలిసింది?”

“అది రికార్డింగని సోమవారమే తెలుసు. ఒక్కసారీ బంతి పడలేదు. నువ్వు ‘ఛ’ అనలేదు. చెయ్యి నొప్పి కదా, లోపల కూర్చుందిలే అని ఊరుకున్నా. ఇవాళ ఎందుకో పిలిచాను. పలకలేదు.”

ఆమె పక్కన కూలబడింది. “అత్తయ్యకు ఫోన్ చేయాల్సింది కదండీ.”

“చేస్తే నువ్వేదో తప్పు చేసినట్టవుతుంది. అమ్మ నిన్ను బతకనిస్తుందా?” అని, “నీకు చేద్దామంటే నీ ఫోన్ ఇదిగో, ఇక్కడుంది” అన్నాడు.

ఆమె అతని వేళ్ళు ఒక్కొక్కటే టేబుల్ కాలి నుంచి విడదీసింది.

అంతసేపు ఒంటరిగా ఉండగలిగాడు కదా, ఇదీ మంచికే అని డాక్టరమ్మ అంది. జరిగింది వేరు. మర్నాటి నుంచి అతనికి చప్పుడు మీద నమ్మకం పోయింది. కుర్చీ తెచ్చుకుని ఆ గదిలోనే, టేబుల్‌కు అడుగు దూరంలో కూర్చోవడం మొదలుపెట్టాడు. ఏమీ అనేవాడు కాదు. చూస్తూ ఉండేవాడు. కోపంతో కాదు, కాపలాగా కూడా కాదు. స్టేషనులో పెట్టె మీద చెయ్యేసి కూర్చున్న ప్రయాణికుడిలా చూసేవాడు. ఇంట్లో ఆమె తలుపు మూసుకోగలిగిన ఆ ఒక్క గదీ పోయింది. బంతి పలక మీద ఎక్కడ పడుతోందో ఆమెకు కనిపించడం మానేసింది. వారం తిరగకముందే బ్యాటు గుడ్డలో చుట్టి అలమరలో పెట్టేసింది.

“ఆడవేం?” అన్నాడు ఇంకో వారం పోయాక.

“ఆడను.”

“నేను బయట కూర్చోనా?”

“ఎక్కడ కూర్చున్నా ఒకటేనండీ. నేను మీకు భార్యనా, గోడ గడియారాన్నా? చప్పుడొస్తుంటే ఉన్నట్టు, ఆగితే పోయినట్టు! పొద్దున దుకాణంలో గోడకేసి కూర్చుంటాను. సాయంత్రం ఇక్కడ గోడకేసి నిలబడతాను. మనిషి మొహం చూసి మాట్లాడి ఎన్నాళ్ళైందో తెలుసా మీకు?”

“నేను మనిషిని కానా?”

“మీరా? మీరు నన్ను చూడటం లేదండీ. ఉన్నానా లేదా అని చూస్తున్నారు.”

“ఆ లిఫ్టు మీద చచ్చిపోయినా బాగుండేది, నీకు ఇంత...” అన్నాడు.

“ఆ మాట అన్నారంటే నిజంగానే వెళ్ళిపోతా” అని ఆమె గట్టిగా అరిచింది. అరిచి గుమ్మం దాకా వెళ్ళింది. అతను వెనకే వచ్చి ద్వారబంధం పట్టుకుని నిలబడ్డాడు. ఆమె మెట్లు దిగలేదు. తిరిగి లోపలికి వచ్చి పొయ్యి వెలిగించింది.

మర్నాడు సాయంత్రం డ్రాయింగు మాస్టారు చేతిలో పాత ఇస్త్రీపెట్టెతో వచ్చాడు.

“అమ్మాయ్, వారం నుంచీ చప్పుడు లేదు. సాయంత్రం ఎప్పుడవుతోందో నాకు తెలిసి చావడం లేదు. నిన్న మాత్రం తెలిసింది. అంతా వినపడింది. వినకూడదనే అనుకున్నా గానీ చెవులు మూసుకుందామంటే రెండు చేతుల్లోనూ టీ కప్పు ఉంది.” ఆమె సిగ్గుతో తల దించుకుంది. ఆయన ఆమె భర్త వైపు తిరిగి, “ఏమయ్యా, ఈ ఇస్త్రీపెట్టె వేడెక్కడం లేదు. నీకు వచ్చా ఈ పని? నాకు చప్పుళ్ళు చేయడం రాదు గానీ మాట్లాడమంటే పొద్దుగూకేదాకా మాట్లాడతాను. బుధవారం బుధవారం నేనొచ్చి కూర్చుంటా. అమ్మాయి ఎక్కడికి పోతుందో పోనీ” అన్నాడు.

మొదటి బుధవారం ఆమె ఒక అంతస్తు దిగి మెట్ల మీదే కూర్చుండిపోయింది. పైనుంచి మాస్టారి గొంతు, ఎవరో కుర్రాడు ఏనుగు బొమ్మకు ఐదు కాళ్ళు వేసిన కథ, ఆగకుండా వినిపిస్తోంది. మధ్యలో ఎక్కడో భర్త నవ్వినట్టు అనిపించింది. సరిగ్గా వినిపించలేదు. లేచి హాలుకు వెళ్ళింది. చేరేలోపే ఫోన్ మోగింది. “ఏం లేదే, ఊరికే చేశా” అన్నాడు. ఆట మధ్యలో మళ్ళీ మోగింది. మూడోసారి మోగాక ఆమె ఇంటికి వచ్చేసింది. చాలా బుధవారాలు అలాగే పోయాయి. కొన్నాళ్ళకు ఫోన్లు తగ్గాయి. విప్పిన మిక్సీలూ, తిరగని ఫ్యాన్లూ ఇంట్లో పోగయ్యాయి. మాస్టారు బిల్డింగంతా తిరిగి పాడైపోయినవన్నీ ఏరుకొచ్చేవాడు, దొరకనప్పుడు బాగున్నవే పాడుచేసి తెస్తున్నాడని అందరూ నవ్వుకునేవారు.

ఇప్పటికి కొన్నేళ్ళైంది. ఆమె భర్త ఒక అంతస్తు దిగి మాస్టారి ఇంటిదాకా వెళ్తాడు, ఆయన పైకొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తే. అంతకు మించి దిగలేదు. మిగతా సాయంత్రాలు ఎప్పటిలాగే అత్తగారు చెప్పులు వేసుకుని వెళ్తుంది, ఆమె విప్పుకుని లోపలికి వస్తుంది, సగం టేబుల్ ముందు నిలబడి కొడుతుంది. కుర్చీ గది బయటికి వెళ్ళింది. తలుపు మాత్రం సగం తెరిచి ఉంటుంది. అంతకు వాళ్ళిద్దరూ ఒప్పుకున్నారు. ఆగితే ఆగుతుంది. “ఏమేవ్?” అంటే ఒక్కోసారి జవాబు చెబుతుంది, ఒక్కోసారి చెప్పదు. చెప్పనప్పుడు అతను లేచి వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి కూర్చుంటాడు.

ఆట తిరిగి రాలేదు. నర్సుకు వేరే జంట ఉంది, బాగా ఆడతారు. ఈమె ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళతో ఆడుతుంది. ఆ మధ్య హాలు పోటీల్లో బడికి వెళ్ళే ఒక పిల్ల చేతిలో ఓడిపోయింది. ఓడించాక ఆ పిల్ల వచ్చి, “ఆంటీ, మీ బ్యాక్‌హ్యాండు నాకు నేర్పుతారా?” అని అడిగింది. “బుధవారాలే వస్తానమ్మా” అంది. “వారానికి ఒక్కరోజేనా?” అని ఆ పిల్ల ఆశ్చర్యపోయింది.

మొన్నొక బుధవారం హాలుకు వెళ్తే తలుపులకు తాళం వేసి ఉంది. లోపల రంగులు వేస్తున్నారని గేటుకు కాగితం అంటించారు. ఆమె కాసేపు అక్కడే నిలబడింది. ఇంటికి వెళ్తే మాస్టారు వెంటనే లేచి కిందికి దిగిపోతాడు. బస్‌స్టాపు బెంచీ మీద బ్యాటు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. బస్సులు వచ్చాయి, పోయాయి. ఒక డ్రైవరు తల బయటపెట్టి, “ఎక్కుతారా అమ్మా?” అని అడిగాడు. తల అడ్డంగా ఊపింది. ఎదురుగా ఉన్న పళ్ళ బండివాడు సామాను సర్దుకుని వెళ్ళిపోయాడు. ఎవరూ ఆమెను పిలవలేదు. మామూలుగా ఆట ముగిసే వేళయ్యాక లేచి, చీర మడతలు సర్దుకుని ఇంటికి నడిచింది.

“ఎలా ఆడావు?” అన్నాడు భర్త. మాస్టారు అప్పుడే దిగి వెళ్ళాడు. అతని ఒళ్ళో ఎవరిదో విప్పిన రేడియో ఉంది.

“బాగానే ఆడానండీ.”

“గెలిచావా?”

“గెలిచాను” అని, కాళ్ళు కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది.